ఏడో పోస్టుకు సంఖ్య

312వ రోజు

సోలార్ పలకల మీద దుమ్ము తుడవడం ఇవాళ నా వంతు. తుడిచిన చోటే మళ్ళీ పడుతుంది. తిట్టుకుంటూ మళ్ళీ తుడుస్తాను. ఆ తర్వాత గాలి ఫిల్టర్లు దులిపి, గోంగూర తొట్లకు కొలిచి నీళ్ళు పోస్తే గానీ నన్ను అసలు పనికి వదలరు. నా అసలు పని పోస్టులకు సంఖ్యలు వెయ్యడం. నా పేరు పారిజాతం. ఈ నాలుగో పోస్టులో మాత్రం అందరికీ నేను అంకెలమ్మని. వెక్కిరింతగానే అంటారు, కానీ రేడియో సెట్టులో మాట వినపడని రోజున నా గది ముందే బారులు తీరతారు.

బయట పీల్చే గాలి లేని ఈ నేల మీద, మేముండే పోస్టులు ఒక పెద్ద గుంట అంచున వరుసగా ఉన్నాయి, ఒకటి నుంచి ఆరు వరకు. ఒక పోస్టు మాట పక్క పోస్టుకే అందుతుంది, అది ఆ పక్కదానికి అందిస్తుంది. పక్క పోస్టుకు ఒక మెట్టు, దాని అవతలి పోస్టుకు రెండు మెట్లు. ప్రతి పోస్టుకూ డయలు మీద ఒక సంఖ్య ఉంటుంది, ఏ ఇద్దరికీ ఒకే సంఖ్య ఉండకూడదు. పక్కపక్క వాళ్ళకు దగ్గర సంఖ్యలు వేస్తే ఇద్దరి మాటలూ కలిసి గంజి అయిపోతాయి. దూరంగా ఉన్నవాళ్ళకు దగ్గర సంఖ్యలు వేసినా ఫరవాలేదు.

ఎంత ఎడం ఉండాలో చెప్పే సూత్రం చిన్నదే. మొత్తం మీద అందరికంటే దూరంగా ఉన్న జంట మధ్య మెట్లెన్నో చూసి, ఒకటి కలపాలి. అందులోంచి మనం చూస్తున్న జంట మధ్య మెట్లు తీసెయ్యాలి. మిగిలినంత ఎడం ఆ ఇద్దరి సంఖ్యల మధ్య ఉండి తీరాలి. వరుస పొడవైతే చేతులు మారే మాట చివరిదాకా చెదరకుండా అందాలని ప్రతి పోస్టూ గొంతు పెంచుతుంది, గొంతు పెరిగితే ఎడమూ పెరగాలి. ఆరు పోస్టులకు సున్నా నుంచి పదమూడు దాకా సంఖ్యలు సరిపోయాయి. డయలు మీద ఉన్న గాట్లు సున్నా నుంచి పదిహేను దాకానే. కొత్త డయళ్ళు చేసే పనితనం మా తాతల కాలంలోనే పోయింది.

పదకొండు నెలల క్రితం ఆరో పోస్టు అవతల మంచు తవ్వడానికి ఏడో పోస్టు వెలిసింది. నలభైమూడు మంది. అక్కడి సెట్టు చూసేది మా అక్క కస్తూరి. వాళ్ళకింకా సొంత సంఖ్య లేదు. ఆరో పోస్టు సంఖ్యనే పొద్దున ఆరో పోస్టు, సాయంత్రం ఏడో పోస్టు వంతులేసుకుని వాడుకుంటున్నారు. ఈ ఏర్పాటు ఎన్నాళ్ళో సాగదని నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు.

315వ రోజు

అనుకున్నంతా అయింది. పొద్దున ఆరో పోస్టులో గాలి యంత్రం ఆగిపోయింది, వాళ్ళు కేకేశారు. సరిగ్గా అప్పుడే ఏడులో తవ్విన గోడ కూలి ఒకతని కాలు ఇరుక్కుంది, వంతు కాకపోయినా వాళ్ళూ కేకేశారు. ఒకే సంఖ్య మీద రెండు కేకలు. నాలుగులో మాకు వినపడింది గరగరే. అరగంట తర్వాత గానీ పీల్చే గాలి మోసుకెళ్ళే గాలి బండి ఇక్కణ్ణుంచి కదలలేదు. ఆరో పోస్టులో ఒక ముసలాయనకు ఇంకా తెలివి రాలేదు.

సాయంత్రానికి మండలి కూర్చుంది. మా నాలుగో పోస్టులోనే కూర్చుంటుంది, వరుసకు మధ్యలో ఉన్నాం కదా. మండలి పెద్ద వియ్యన్న గారు, "ఏడుకు సంఖ్య ఉంటుందో ఉండదో పది రోజుల్లో తేలాలి" అన్నారట.

ఆ మాట నాకు చెప్పింది జోగారావు మాస్టారు. పోస్టుల పటం గీసేది ఆయనే. ఎక్కడ పోస్టు ఉందో, ఎవరి మాట ఎవరికి అందుతుందో ఆయన గీస్తారు, దాన్ని చూసి నేను సంఖ్యలు వేస్తాను. పటంలో ఉన్నదాన్నే చూడాలి తప్ప బయట ఏముందో అడగకూడదు, వెళ్ళి చూడకూడదు, బంధువులతో ఆ ఊసెత్తకూడదు. ఇది మా ఆఫీసు కట్టు. ఎప్పుడో ఎవరో తన వాళ్ళ వైపు మొగ్గి సంఖ్యలు వేశాడని పెట్టిన కట్టు. నాకది ఎప్పుడూ బరువనిపించలేదు.

"పారీ, ఒక లెక్క చేసి పెట్టమ్మా" అన్నారు మాస్టారు. "ఏడు పోస్టులూ వరుసలో ఉంటే అతి తక్కువలో ఎంతవరకు సంఖ్యలు కావాలి? ఇంతకంటే తక్కువలో కుదరదని రుజువు కూడా రాయాలి. రాసి నీ ముద్ర వెయ్యి. నీకిదే మొదటి ముద్ర, పరీక్ష అనుకో."

"మీ ముద్ర ఉండగా నాదెందుకండీ?"

"ఎన్నాళ్ళు నా వెనకే తిరుగుతావు? నీ కాళ్ళ మీద నువ్వు నిలబడొద్దూ?"

అమ్మ పోయాక నాకూ అక్కకూ లెక్కలు నేర్పింది ఆయనే. వారానికి మూడు పూటలు ఆయన గిన్నెలోంచే తిన్నాం. నా కళ్ళు చెమర్చాయి, ఆయనకు కనపడకుండా తల తిప్పుకున్నాను.

319వ రోజు

తేలింది. ఇరవై.

ఇది ఇక్కడ రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఏడు పోస్టులకూ ఒకదాని తర్వాత ఒకటిగా సంఖ్యలు పెంచుకుంటూ పోతే ఆరు గెంతులు. ఒక్కో గెంతుకు, దూరపు జంట ఆరు మెట్లకు ఒకటి కలిపితే వచ్చే ఏడులోంచి ఆ రెండు పోస్టుల మధ్య మెట్లు తీసేసినంత కావాలి. ఏడారుల నలభైరెండు. ఎంత తెలివిగా అటూ ఇటూ గెంతినా మొత్తం మెట్లు ఇరవైమూడుకు మించవు. నలభైరెండులో ఇరవైమూడు పోతే పంతొమ్మిది. అక్కడితో ఆగిపోవచ్చు. కానీ పంతొమ్మిదితో కూర్చోబెడితే మధ్య పోస్టు దగ్గర ఎప్పుడూ ఒకటి తక్కువొస్తోంది. రెండు రోజులు ఆ ఒక్కదాని కోసం తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి పంతొమ్మిదితో ఎప్పటికీ కుదరదని, ఇరవై కావాల్సిందేనని తేల్చాను.

మాస్టారు రెండు సార్లు చదివారు. "పంతొమ్మిదైనా ఇరవయ్యైనా డయలుకు అందనిదే కదే" అని నవ్వారు. "అయినా ఆ ఒక్కటీ పట్టుకున్నావు చూడు, అదీ నా శిష్యురాలంటే."

ఎగిరి గంతేసినంత పని చేశాను. ముద్ర గట్టిగా నొక్కి వేశాను, సిరా కింది కాగితానికి కూడా దిగింది. డయలుకు అందదంటే ఏడుకు సంఖ్య రాదని నాకు తెలియదా? తెలుసు. కానీ ఇది పరీక్ష అన్నారు. అసలు ఏర్పాటు ఆయన వేరే ఏదో చూస్తున్నారనే అనుకున్నాను. అడగడం నాకు తోచనే లేదు.

321వ రోజు

పప్పులో కాలేశాను. కాదు, వేయించారు.

మండలిలో నా కాగితం చదివారు. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క అంకె పోకుండా. ఏడు పోస్టులకు ఇరవై కావాలి, మన డయలు ఉన్నది పదిహేను దాకానే, కాబట్టి ఏడో పోస్టుకు సంఖ్య లేదు. 331వ రోజున మనుషులు వెళ్ళి అక్కడి సెట్టుకు సీలు వేస్తారు. ఏడు వాళ్ళు వెనక్కి రావచ్చు, లేదా మాట లేకుండా ఉండిపోవచ్చు.

"ముద్ర ఎవరిదో చూశారా?" అని కాగితం పైకెత్తారు వియ్యన్న గారు. "ఏడో పోస్టు కస్తూరి సొంత చెల్లెలిది. ఇంకెవరికైనా అనుమానముందా?"

ఎవరికీ లేదు. కొందరు నా వైపు జాలిగా చూశారు, ధర్మం తప్పని పిల్ల అన్నట్టు. వాళ్ళ జాలి చూస్తే నా ఒళ్ళు మండిపోయింది.

వెనక్కి రావచ్చట! నలభైమూడు మందికి ఈ నాలుగులో గాలి ఎక్కడుంది? వాళ్ళ గాలి యంత్రాన్ని అక్కడి నేలలో పాతేశారు, పెకలించి తేవడం కుదరదు. ఇంకో నెలలో దుమ్ము గాలులు మొదలవుతాయి. ఆ రోజుల్లో ఫిల్టరు పూడుకుపోతే గాలి బండి కోసం కేక వెయ్యాలి. కేక వెయ్యలేని పోస్టుకు ఏ బండీ వెళ్ళదు. మాస్టారి కోసం చూశాను. తలనొప్పిగా ఉందని ముందే వెళ్ళిపోయారట.

322వ రోజు

సాయంత్రం ఏడో పోస్టు వంతు రాగానే అక్క పిలిచింది. కబురు అప్పటికే అందింది.

"పారీ, ఆ ముద్ర నీదేనా?"

"నాదే అక్కా. కానీ అది పరీక్షని..."

"నువ్వే వేశావా లేదా, అది చెప్పు."

"వేశాను. వరుసలో ఏడైతే ఇరవైకి తక్కువ కుదరదక్కా, ఎవరు చేసినా..."

"వరుసేంటే? అద్దం ఏమైంది?"

ఏ అద్దం అన్నాను. గరగర మధ్యే చెప్పింది. గుంట అంచు గుండ్రంగా తిరిగి ఏడో పోస్టును ఒకటో పోస్టు దగ్గరికే తెచ్చిందట. మధ్యలో ఉన్నది ఒక్క కొండ. ఆ కొండ మీద నాలుగు నెలలు కష్టపడి రేకుల అద్దం నిలబెట్టారు. ఏడు మాట దాని మీద పడి నేరుగా ఒకటికి పోతుంది. నెల రోజులుగా ఒకటో పోస్టు అప్పలస్వామి బాబాయితో రోజూ మాట్లాడుతున్నారట.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నీ పని ఊసు నీ దగ్గర ఎత్తకూడదు కదా! నీకు మాట రాకూడదని నోరు కుట్టేసుకున్నానే. మాస్టారికి రాసి పంపాను. పటంలో ఎక్కించానన్నారు."

"పటంలో లేదక్కా. నేను చూసిన పటంలో అది లేదు."

"మాస్టారు అబద్ధమాడతారా?" అంది. "నిన్న ఆయనే పిలిచి చెప్పారు, ఎక్కించాను, సంఖ్యలు వేసేటప్పుడు పారి ఎందుకు వదిలేసిందో అడగలేకపోయాను అని. ఆయన గొంతు వణుకుతోందే."

వంతు అయిపోయింది.

323వ రోజు

మాస్టారి గదికి వెళ్ళాను. తొట్టిలో మెంతికూర గిల్లుతున్నారు.

"మాస్టారూ, కొండ మీద అద్దం సంగతి మీకు తెలుసా?"

"తెలుసు. కూర్చో. తిన్నావా?"

"తినలేదు. అది పటంలో ఏదండీ?"

ఆయన బుకాయిస్తారనుకున్నాను. బుకాయించి ఉంటే నాకు కొంచెం మేలుగా ఉండేది. గిల్లిన ఆకు గిన్నెలో వేసి, చేతులు తుడుచుకుని, చిన్నప్పుడు కూడికలు చెప్పిన గొంతుతోనే చెప్పారు.

"వరుసకు మధ్య ఉంటుంది పారీ. చక్రానికి మధ్య పోస్టు ఏదో చెప్పు చూద్దాం. అటు మూడు పోస్టుల మాట ఇటు పోస్టులకు పోవాలంటే ఇవాళ మన మీదుగానే పోవాలి. మండలి ఇక్కడుంది, బండ్లు ఇక్కడున్నాయి, నీకు నాకు ఈ గది ఉంది. అద్దం పటంలోకి ఎక్కిందంటే మనల్ని అడిగేదెవరు? ఏడింట్లో ఒకళ్ళం."

"నలభైమూడు మందండీ అక్కడ!"

"అందుకే నాకు నిద్ర లేదు" అన్నారు. నిజంగానే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దాంతో నాకు ఇంకా కోపం వచ్చింది.

"మరి ఆ లెక్కేదో మీరే చేసి మీ ముద్రే వేసుకోవచ్చు కదా. నాతో ఎందుకు చేయించారు?"

"నా ముద్ర వేస్తే ఏడు వాళ్ళు పటం చూపించమంటారు. నీది వేస్తే అడగరు." గిన్నె పక్కకు జరిపారు. "సొంత అక్క గొంతు ఎవరు కోస్తారమ్మా?"

తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే ఏమిటో ఇవాళ తెలిసింది. ఆయన నా ముద్ర కోసం నన్ను పెంచలేదు, నాకు తెలుసు. ప్రేమగానే పెంచారు. ఆ ప్రేమ ఎంత దూరం పనికొస్తుందో లెక్కగట్టి మరీ వాడుకున్నారు. బయటికి వచ్చి ఫిల్టర్లు దులిపే చోట కూర్చుని ఏడ్చాను. దుమ్ము వల్ల అనుకుని ఎవరూ పలకరించలేదు.

324వ రోజు

ఫిల్టర్లు దులపలేదు. గోంగూరకు నీళ్ళూ పొయ్యలేదు. ఏడు పోస్టుల్నీ చక్రంగా గీశాను.

చక్రమైతే అందరికంటే దూరంగా ఉన్న జంట మధ్య మెట్లు మూడే. ఎవరూ గొంతు చించుకోనక్కర్లేదు. పక్కవాళ్ళ మధ్య మూడు ఎడం చాలు, రెండు మెట్ల వాళ్ళకు రెండు, మూడు మెట్ల వాళ్ళకు ఒకటి. ఒకటో పోస్టుకు సున్నా. నాలుగుకు ఒకటి. ఆరుకు మూడు, రెండుకు నాలుగు. ఏడుకు ఆరు. మూడుకు ఏడు, ఐదుకు తొమ్మిది.

తొమ్మిది! పదిహేను దాకా ఉన్న డయలులో ఇంకా ఆరు మిగిలిపోతున్నాయి. ఇరవై ఒక్క జంటల్నీ ఒక్కొక్కటిగా సరిచూశాను, అన్నీ సరిపోయాయి. గంటన్నర పట్టింది. ఇరవై కోసం నాలుగు రోజులు కొట్టుకున్నాను, ఇది గంటన్నర. నా మీద నాకే అసహ్యం వేసింది.

పటంలో లేనిదానికి సంఖ్యలు వేశాను, కట్టు తప్పాను. ముద్ర కూడా వేశాను.

325వ రోజు

సాయంత్రం వంతు మారే వేళ అన్ని పోస్టుల వాళ్ళూ సెట్ల దగ్గర ఉంటారు. అప్పుడు సెట్టు తెరిచి జరిగింది జరిగినట్టు చెప్పాను. అద్దం గురించి, పటం గురించి, మాస్టారు అన్న మాటల గురించి. కొత్త సంఖ్యలు చదివాను. అందరూ ఒకేసారి డయళ్ళు తిప్పితే రేపటి నుంచి ఏడుకు సొంత మాట ఉంటుందన్నాను.

ముందుగా పలికింది ఒకటో పోస్టు అప్పలస్వామి బాబాయి.

"అద్దం ఉన్నమాట నిజమే. నెల నుంచీ నేను రోజూ వింటన్నాను. పటంలో ఉందనే అనుకున్నానమ్మా. ఏడు ఒప్పుకుంటే మేం తిప్పేత్తాం."

రెండో పోస్టు, మూడో పోస్టు అదే మాట అన్నాయి. ఐదో పోస్టు కాసేపు నసిగి సరేనంది. ఆరు వాళ్ళు ముసలాయనకు తెలివి వచ్చిందని చెప్పి, ఈ వంతుల పీడ వదిలితే చాలన్నారు. ఈలోగా వియ్యన్న గారు గుమ్మంలోకి వచ్చారు గానీ, ఐదు పోస్టులు సరేనన్నాయని విని అక్కడే గుమ్మానికి చేరగిలబడ్డారు. ఇక ఏడు ఒక్కటే మిగిలింది. అద్దాన్ని రాత్రింబవళ్ళు తెరిచి ఉంచాల్సింది వాళ్ళే, వాళ్ళు కాదంటే చక్రం లేదు.

"అక్కా, విన్నావా?"

"విన్నాను. ఆ కాగితం మీద ముద్ర ఎవరిది?"

"నాదే."

"అయితే వద్దు."

"అక్కా, ఒక్కసారి నువ్వే సరిచూసుకో. నీకూ లెక్కలొచ్చు..."

"నీ ముద్ర ఉన్న కాగితం ఒకటి మాకు ఇప్పటికే అందింది." గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. "అందులోనూ తప్పు లేదన్నావు. నీ తప్పు పెంచిన మనిషి నెత్తిన కూడా రుద్దావు ఇవాళ. అప్పలస్వామి బాబాయ్, మీరు సరిచూసి మీ పేరు మీద చదవండి. మీరు చదివితే తిప్పుతాం."

బాబాయి నా చేత సంఖ్యలన్నీ మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నాడు. వేళ్ళ మీద లెక్క పెట్టుకునే మనిషి, ఇరవై ఒక్క జంటలకూ రెండు గంటలు పట్టింది. నేను సెట్టు దగ్గరే కూర్చున్నాను. తర్వాత ఆయన తన పేరు చెప్పి చదివాడు. అవే సంఖ్యలు. నా కాగితం మీద నా పేరు ఉన్న చోట అడ్డంగా గీత కొట్టాను.

326వ రోజు

పొద్దున్నే అందరం ఒకేసారి తిప్పాం. నా డయలు ఒకటి మీద పెట్టాను.

మాస్టారు నాకంటే ముందే సెట్టు గదిలో ఉన్నారు. గోడ మీద పటంలో ఏడుకూ ఒకటికీ మధ్య కొత్త సిరాతో గీత ఉంది, ఇంకా ఆరలేదు. వియ్యన్న గారితో పాటు మండలి వాళ్ళు చూడటానికి వస్తే, "పిల్ల కదండీ, కంగారులో ఒక గీత వదిలేసింది. లెక్కల్లో ఇవన్నీ మామూలే" అంటున్నారు. వాళ్ళు తలలూపారు. నేను నోరు తెరిచాను. పాత పటం ఏదని వాళ్ళడిగితే చూపించడానికి నా దగ్గర లేదు. పటాలన్నీ ఆయన పెట్టెలోనే ఉంటాయి. అడగను కూడా లేదు వాళ్ళు. వెళ్ళిపోయారు.

హాజరు మొదలైంది. ఇవాళ మొదటిసారి హాజరు పిలిచే వంతు ఏడో పోస్టుకు ఇచ్చారు. అక్క గొంతు ఇంత స్పష్టంగా పదకొండు నెలల్లో ఎప్పుడూ వినలేదు. పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టుంది. వెనకాల వాళ్ళ మనుషులు నవ్వుకోవడం, ఎవరో ఈల వెయ్యడం కూడా వినపడుతోంది.

"ఒకటో పోస్టు?"

"హాజరమ్మా కస్తూరీ" అన్నాడు బాబాయి.

రెండుతో నీళ్ళ సంగతి మాట్లాడింది. మూడులో కొత్తగా పుట్టిన పాప పేరడిగింది.

"నాలుగో పోస్టు?"

"హాజరు" అన్నాను.

"ఎవరు మాట్లాడేది?"

"నేనక్కా. పారిని."

ఈ కొత్త సంఖ్య మీద గరగర లేదు, నా మాట స్పష్టంగానే అంది ఉంటుంది.

"సెట్టు దగ్గర ఇంకెవరైనా ఉంటే పిలవండి" అంది అక్క.

పుట్టి బుద్ధెరిగాక ఆమె నన్ను అండి అన్నది లేదు. గదిలో ఇంకొక్కరే ఉన్నారు. నేను లేచాను. మాస్టారు వచ్చి నా కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, "చెప్పమ్మా కస్తూరీ" అన్నారు.